కెమెరా ఏ సీట్లో కూర్చుంది? విద్యార్థుల హాల్లో నాటకం–సినిమా సీరీస్ వేయడం

నాటకానికీ సినిమాకీ ఉన్న చుట్టరికం మీద సీరీస్ వేద్దామని ఏ విద్యార్థి ఫిల్మ్ సొసైటీలో ఎవరు ప్రతిపాదించినా కాగితం మీదికి వచ్చే జాబితా దాదాపు ఒకటే. మూడు షేక్‌స్పియర్లు, వయసు మళ్లుతున్న నటి కథ ఒకటి, చివర్లో ఓ మ్యూజికల్. చూడ్డానికి నిండుగానే ఉంటుంది గానీ నాలుగో వారానికి హాలు పలచబడుతుంది. తప్పు సినిమాలది కాదు. "ఇందులోనూ నాటకం ఉంది" అన్నది తప్ప వాటిని కలిపి కుట్టిన దారం ఏదీ లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది, అది ప్రొజెక్షన్ గదిలో. ఫ్రేము అంచు, మాట, నిడివి: ఈ మూడింటి మీదా ఇంత బరువు మోపే సీరీస్ మరొకటి ఉండదు. మామూలు సినిమాలో గడిచిపోయే పొరపాటు ఇక్కడ తెర మధ్యలో నిలబడి పలకరిస్తుంది. అందుకే సినిమాల ఎంపికా, వాటిని వేసే తీరూ రెండూ కలిపే ఆలోచించాలి.

ముందు దారం సంగతి. ప్రతి సినిమాకీ ఒకే ప్రశ్న వేసుకుంటే జాబితా తనంతట తనే సర్దుకుంటుంది: ఈ సినిమాలో కెమెరా ఏ సీట్లో కూర్చుంది?

మొదట్లో అది హాలు మధ్య వరసలో కదలకుండా కూర్చుంది. తొలితరం ఫ్రెంచి దర్శకుడు మెలియెస్ 1897లో మోంత్రోయ్‌లో కట్టుకున్న స్టూడియో కొలతలు తన రాబర్ట్-హూదాఁ థియేటర్ స్టేజీ కొలతలే. 1908లో కమెడీ ఫ్రాన్సేజ్ నాటక సంస్థ నటులతో 'డ్యూక్ ఆఫ్ గీజ్ హత్య' తీసినప్పుడు స్వరకర్త సాఁ-సాన్స్ చేత ప్రత్యేకంగా సంగీతం రాయించారు. టాకీ వచ్చాక మన దగ్గరా అదే దారి. 1932 నాటి 'భక్త ప్రహ్లాద' సురభి వాళ్ల నాటకం మీద నిలబడ్డదే.

తరువాత కెమెరా సీట్లోంచి లేచింది. ఒలివియర్ 'హెన్రీ ది ఫిఫ్త్' (1944) షేక్‌స్పియర్ నాటి గ్లోబ్ థియేటర్లో మొదలవుతుంది. రాజు వేషగాడు వింగ్స్‌లో నిలబడి, స్టేజీ మీదికి అడుగుపెట్టే ముందు గొంతు సవరించుకుంటాడు. ఆ చిన్న దగ్గు ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుడికి వినపడదు, మనకి వినపడుతుంది. అక్కణ్ణుంచి సినిమా మధ్యయుగపు బొమ్మల పుస్తకంలాంటి సెట్లలోకి, ఆపైన నిజమైన మైదానంలో యుద్ధానికి వెళ్లి, చివరికి మళ్లీ గ్లోబ్‌కే తిరిగొస్తుంది. సీరీస్ మొత్తానికి ఇంతకంటే మంచి వాచకం దొరకదు.

ఇంకొన్ని సినిమాల్లో కెమెరాకి గ్రీన్ రూమ్‌లో చోటు దొరికింది. కసావెటీస్ 'ఓపెనింగ్ నైట్' (1977), ఓజు 'ఫ్లోటింగ్ వీడ్స్' (1959), ఘటక్ 'కోమల్ గాంధార్' (1961) ఆ కోవలోవి. మరికొన్నిట్లో రిహార్సల్ గదిలో కుర్చీ వేసుకుంది. లూయీ మాల్ 'వాన్యా ఆన్ 42ండ్ స్ట్రీట్' (1994)లో నటులు మామూలు బట్టల్లో వీధిలోంచి లోపలికి వస్తారు, పిచ్చాపాటీ మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ మాటలు చెహోవ్ నాటకంలోని మాటలుగా ఎప్పుడు మారాయో పట్టుకోవడం కష్టం. చివరగా, సీటే లేని సినిమాలు. వాటిలో స్టేజీయే కెమెరాలోకి వచ్చేస్తుంది. కురసావా 'థ్రోన్ ఆఫ్ బ్లడ్' (1957)లో జపాను 'నో' నాటకపు ముసుగులాంటి ముఖం, 'డాగ్‌విల్' (2003)లో నేల మీద గీసిన సుద్ద గీతలే ఇళ్లు.

తొమ్మిది వారాల టర్ముకి మా ఎంపిక ఇలా ఉంటుంది. మొదటి వారం లూబిష్ 'టు బి ఆర్ నాట్ టు బి' (1942), 99 నిమిషాలు. సీరీస్ ఎప్పుడూ నవ్వుతోనే మొదలవ్వాలి, మొదటి వారం వచ్చినవాళ్లే తక్కినవాళ్లకి చెప్తారు. రెండో వారం మెలియెస్ పొట్టి సినిమా ఒకటి, 'డ్యూక్ ఆఫ్ గీజ్', ఆ వెంటనే 137 నిమిషాల 'హెన్రీ ది ఫిఫ్త్'. మూడో వారం కార్నే 'చిల్డ్రన్ ఆఫ్ ప్యారడైజ్' (1945). నాలుగు 'ఫ్లోటింగ్ వీడ్స్', 119. అయిదో వారంలో మధ్య పరీక్షలు ఉంటాయి కాబట్టి 80 నిమిషాల హిచ్‌కాక్ 'రోప్' (1948). ఆరు 'వాన్యా', 119. ఏడు హమగుచి 'డ్రైవ్ మై కార్' (2021), 179. ఎనిమిది 'కోమల్ గాంధార్', తొమ్మిది 'ఓపెనింగ్ నైట్', 144.

ఆరు, ఏడు వారాలు పక్కపక్కనే ఎందుకంటే రెండింటిలోనూ ఉన్నది ఒకే నాటకం, 'అంకుల్ వాన్యా'. ఒకదాంట్లో పాడుబడ్డ థియేటర్లో ఒకే భాషలో నడుస్తుంది. రెండోదాంట్లో నటులు తలా ఓ భాషలో మాట్లాడతారు, ఒకామె కొరియన్ సంజ్ఞా భాషలో. మధ్య వారం రోజుల ఎడం ఉంటే చాలు, నాటకం జ్ఞాపకంలో ఉంటుంది. ఒకే రోజు డబుల్ బిల్లుగా వేస్తే దాదాపు అయిదు గంటలు, రెండో సినిమా చివరి అరగంటకి జనం కుర్చీల్లో కదులుతూనే ఉంటారు. 'డాగ్‌విల్' వదులుకోవడానికి కారణమూ నిడివే. 178 నిమిషాలు. మూడు గంటల సినిమాలు ఒక టర్ములో రెండు చాలు.

షికాగో విశ్వవిద్యాలయంలో విద్యార్థులు నడిపే డాక్ ఫిల్మ్స్ పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. వారంలో ఒక్కో రోజుకి ఒక్కో సీరీస్ కేటాయిస్తారు. ప్రేక్షకుడికి తేదీ గుర్తుండక్కర్లేదు, సోమవారమో మంగళవారమో గుర్తుంటే చాలు. కానీ 'చిల్డ్రన్ ఆఫ్ ప్యారడైజ్' ఒక్కదాన్ని మాత్రం సెలవు రోజుకి జరపండి. లెక్క చూడండి: సినిమా 190 నిమిషాలు, పరిచయం 5, ఇంటర్వెల్ 15, మొత్తం మూడున్నర గంటలు. ఆరున్నరకి మొదలెడితే పదికి లైట్లు వెలుగుతాయి. ఎనిమిదికి మొదలెడితే బస్సు కోసం మధ్యలోనే లేచిపోయేవాళ్లు తప్పరు. ఇంటర్వెల్ ఎక్కడివ్వాలన్న అనుమానం అక్కర్లేదు, సినిమాయే రెండు భాగాలు. అన్నట్టు పేరులోని స్వర్గం అంటే థియేటర్లో పైకప్పు కింద ఉండే చివరి అంతస్తు, అందరికంటే చవక సీట్లు. మన నేల టికెట్టు వాళ్ల దగ్గర ఆకాశంలో ఉంటుందన్నమాట.

ఈ సినిమాలో టైటిల్స్ నాటకం తెర మీదే పడతాయి. మీ హాలుకి నిజమైన తెర ఉంటే, బొమ్మ పడకముందే దాన్ని పూర్తిగా తెరిచి ఉంచండి. తెర లోపల తెర లేపి అందం తేవాలన్న ఉబలాటం ఎవరికో ఒకరికి కలుగుతుంది. మోటారు చప్పుడు మొదటి సంగీతం మీద పడుతుంది, అంతకుమించి జరిగేదేమీ ఉండదు.

హక్కుల సంగతి తొందరగా చెప్పేస్తాను. ప్రదర్శన హక్కు ఒకటి, ప్రింటు (ఫిల్ము రీళ్లు) లేదా డీసీపీ (హాళ్లలో వేసే డిజిటల్ కాపీ) మరొకటి. తరచుగా రెండూ వేరువేరు చేతుల్లో ఉంటాయి. ఆర్కైవ్ ప్రింటు ఇస్తానంది కదా అని పోస్టరు వేయకండి, హక్కుదారు రాతపూర్వక అనుమతి చూపనిదే ఆర్కైవ్ డబ్బా గడప దాటదు. డిస్కు కొనుక్కున్నంత మాత్రాన హాల్లో వేసే హక్కు రాదు. రుసుము సాధారణంగా ఒక కనీస మొత్తం, లేదా టికెట్ల మీద శాతం, ఏది ఎక్కువైతే అది. కాబట్టి ఉచిత ప్రవేశం పెడితే ముందే చెప్పాలి, ఒప్పందం రూపమే మారుతుంది. నాటకం ఆధారంగా తీసిన సినిమాలకి అదనపు మెలిక ఒకటుంది. సినిమా తీసినప్పుడు నాటకం మీద తీసుకున్న హక్కు గడువు తీరిపోయి, నాటకకర్త వారసులు కొత్తగా ఒప్పుకునే దాకా ఎవరూ వేయలేని సినిమాలు ఉంటాయి. టర్ము మొదలయ్యే మూడు నెలల ముందే ఉత్తరాలు పంపితే, అలాంటిది బయటపడినా ఇంకో సినిమా వెతుక్కునే వ్యవధి ఉంటుంది.

థియేటర్ల నుంచి నేరుగా వచ్చే నాటక ప్రసారాలు ఈ సీరీస్‌లో కలపాలా? బ్రిటన్ నేషనల్ థియేటర్ 2009 నుంచి నడుపుతున్నవి మంచి స్థాయిలో ఉంటాయి. అయినా నేను కలపను. వాటికి వేరే పంపిణీదారులు, వేరే షరతులు. పైగా వాటి పద్ధతి దాక్కోవడం, కెమెరా ఉన్నట్టే తెలియకూడదు. ఈ సీరీస్ అడిగేది దానికి సరిగ్గా ఎదురు ప్రశ్న. ఒకటి చేర్చాలనిపిస్తే పాతకాలపుది వెతకండి. రిచర్డ్ బర్టన్ 'హ్యామ్లెట్'ని 1964లో ఎలక్ట్రానోవిజన్ అనే పద్ధతిలో బ్రాడ్‌వే ప్రదర్శనల నుంచే పట్టి, సినిమా హాళ్లలో రెండు రోజులు మాత్రమే వేశారు. నాటకంలాగే వచ్చి పోవాలన్నది అప్పటి ఆలోచన.

టీవీ కోసం తీసిన నాటకాలకీ, ఒపేరాలకీ ఒక సాంకేతిక గొడవ ఉంది. యూరప్‌లో అవి సెకనుకి 25 ఫ్రేములు. పాత ఇంటరాప్ తరహా డీసీపీ 24, 48 మాత్రమే ఒప్పుకుంటుంది, 25 కావాలంటే ఎస్ఎంపీటీఈ తరహాది రావాలి, మీ సర్వర్ దాన్ని ఆడించగలగాలి. ఎవరో 25ని 24కి సాగదీసి పంపితే సినిమా నాలుగు శాతం పొడుగవుతుంది. శబ్దాన్ని సరిచేయకపోతే శ్రుతి ముప్పావు స్వరస్థానం దాకా కిందికి జారుతుంది. మాటల నాటకంలో ఎవరూ గుర్తుపట్టరు. ఒపేరాలో సంగీత విభాగం విద్యార్థులు మొదటి వరస నుంచే వెనక్కి తిరిగి చూస్తారు.

ఇక ఫ్రేము. పై తొమ్మిదింటిలో ఆరు 1.37 నిష్పత్తివి (ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37): లూబిష్, ఒలివియర్, కార్నే, ఓజు, హిచ్‌కాక్, ఘటక్. 1.37 బొమ్మని ఇంకా వెడల్పైన 1.85 గేటులో వేస్తే ఎత్తులో నాలుగో వంతు కంటే ఎక్కువే పోతుంది. మామూలు సినిమాలో తల మీద కాస్త జాగా పోయిందనుకుంటారు. స్టేజీని చూపించే సినిమాలో పోయేవి నటుడి పాదాలు, ముందు దీపాల వరస, పైన తెర అంచు. అంటే స్టేజీయే పోతుంది, మిగిలేది గోడ ముందు మాట్లాడే మనుషులు. ఓజు కెమెరా నేలకి దగ్గరగా కూర్చుంటుంది కనుక అక్కడ ఇంకా ఘోరం, చాప అంచు పోతే గది పోయినట్టే. సబ్‌టైటిళ్లు ప్రింటులోనే అచ్చయి ఉంటే కింది వరస సగం కోసుకుపోతుంది, అప్పుడు ఆపరేటర్ ఫ్రేమింగ్ నాబ్ తిప్పి అక్షరాలు పైకి తెస్తాడు, ఈసారి తలలు పోతాయి. ఆ నాబ్‌తో తీరే సమస్య కాదది.

35 ఎంఎం మీద వేయాలంటే 1.37కి కావలసినవి రెండు: సరైన ఫోకల్ లెంగ్తు ఉన్న లెన్సు, దానికి సరిపడ్డ అపెర్చర్ ప్లేటు, అంటే బొమ్మ అంచులు కోసే రేకు. రెంటిలో ఏది లేకపోయినా ఆ సినిమాకి డీసీపీయే అడగండి, ఇందులో నామోషీ ఏమీ లేదు. 2కె డీసీపీలో ఫ్లాట్ చట్రం 1998×1080, అందులో 1.37 బొమ్మ 1480 పిక్సెళ్ల వెడల్పుతో మధ్యలో ఉంటుంది. రెండు పక్కలా మిగిలే పట్టీలు నలుపు అంటారు గానీ ప్రొజెక్టర్ నలుపు బూడిద రంగే. పక్క మాస్కింగ్‌ని, అంటే తెర పక్కనుండే నల్ల గుడ్డని, బొమ్మ అంచు దాకా లాగాలి. మోటారు మాస్కింగ్‌లో ఈ స్థానం ముందే నిల్వ లేకపోతే, ఆట రోజు మధ్యాహ్నం ఒకరు తెర దగ్గర, ఒకరు క్యాబిన్లో నిలబడి సరిచేసి, నేల మీద టేపు ముక్క అంటించుకోండి. ఆరు వారాలు పనికొస్తుంది.

డీసీపీ వచ్చిందంటే పని అయిపోయిందని కాదు. మూడు గంటల సినిమా 200 గిగాబైట్లు దాటడం మామూలే, సర్వర్లోకి ఎక్కించడానికి గంటలు పడుతుంది. ఫైలు పేరు చదవడం నేర్చుకోండి. అందులో భాష గుర్తు జంటగా ఉంటుంది. మొదటిది మాట, రెండోది సబ్‌టైటిల్. ఫ్రెంచి సినిమా పేరులో రెండోచోట 'ఎక్స్ఎక్స్' అని ఉంటే సబ్‌టైటిళ్లు లేవని అర్థం. ఒకే హార్డ్ డిస్కులో సబ్‌టైటిళ్లున్న ప్లేలిస్టూ, లేనిదీ రెండూ ఉంటాయి. తప్పుది ఎక్కించిన సంగతి మొదటి మాట పలికేదాకా బయటపడదు, అప్పటికి హాలు నిండి ఉంటుంది.

తాళం వేసిన డీసీపీకి కేడీఎం కావాలి. అది మీ సర్వర్ సర్టిఫికెట్‌కి కట్టి ఇచ్చే తాళంచెవి, వేరే హాలుకి ఇచ్చినది మీ దగ్గర పనిచేయదు. గత వేసవిలో మీడియా బ్లాక్ (సర్వర్లో ఆ తాళం విప్పే భాగం) మార్చి ఉంటే పంపిణీదారు దగ్గర ఉన్న పాత సర్టిఫికెట్ చెల్లదు. రెండు వారాల ముందు కొత్తది పంపి, అందిందని జవాబు తెప్పించుకోండి. కేడీఎంకి మొదలూ తుదీ సమయాలు ఉంటాయి. చాలామంది ఆట రోజుకి మాత్రమే అడుగుతారు, దాంతో ముందురోజు పరీక్షించుకునే వీలుండదు. ముందురోజు ఉదయం నుంచి అడగండి. ఫైలులో రాసిన సమయం ఏ టైమ్ జోన్‌దో కూడా చూడండి. రాత్రి తొమ్మిదిన్నరకి గడువు తీరే తాళంతో ఏడున్నరకి మూడు గంటల సినిమా మొదలెట్టడం అరుదైన పొరపాటేం కాదు. పరీక్షలో మొదటి పది నిమిషాలు, మధ్యలో మాటలు ఎక్కువున్న ఒక ఘట్టం, చివరి రీలు చూస్తే చాలు.

ప్రింటు విషయంలో ఆర్కైవ్‌లు చాలామటుకు రెండు ప్రొజెక్టర్లతో రీలు మార్పిడినే కోరతాయి, రీళ్లన్నీ ఒకటిగా అతికి ప్లాటర్ అనే పెద్ద పళ్లెం మీద ఎక్కించనివ్వవు. 35 ఎంఎం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, 2000 అడుగుల రీలు ఇరవై నిమిషాల పైచిలుకు. రీలు చివర కుడిపక్క పైమూలన చుక్క పడుతుంది, నాలుగు ఫ్రేములు, అంటే సెకనులో ఆరో వంతు. అప్పుడు రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి. ఏడు సెకన్లకి రెండో చుక్క, అప్పుడు మార్చాలి. ఆ తరువాత మిగిలే బొమ్మ ఒక్క సెకను కూడా ఉండదు. పాత ప్రింట్లలో రీలు చివర్లు తెగి అతుకులు పడి చుక్కే ఎగిరిపోయి ఉండొచ్చు, లేదా మునుపటి ఆపరేటర్లు గీకిన చుక్కలు మూడు నాలుగు ఉండొచ్చు. అందుకే ప్రింటు రాగానే రీవైండ్ బల్ల మీద ప్రతి రీలు చివరి ముప్పై అడుగులూ చేత్తో తిప్పి చూసి, చుక్కకి ముందు కనిపించే కదలికని కాగితం మీద రాసుకోవాలి: "తలుపు మూసింది, ఇద్దరు కూర్చున్నారు, చుక్క."

'రోప్'కి ఈ పని రెండింతలు జాగ్రత్తగా చేయాలి. నాటకం ఆధారంగా, ఎక్కడా తెగకుండా ఒకే షాట్ అనిపించేలా తీసిన సినిమా అది. కెమెరాలో పట్టేది వెయ్యి అడుగులు, సుమారు పదకొండు నిమిషాలు. అందుకే సినిమా పది టేకుల్లో ఉంటుంది. ఒక టేకు చివర కెమెరా ఎవరి కోటు వీపులోకో దూరి అతుకుని దాచేస్తుంది, ఆ తరువాతి టేకు చివర మాత్రం బాహాటంగా కట్ ఉంటుంది. ఆ బాహాటపు కట్‌లు ఊరికే రాలేదు. హాల్లో రీలు మారేది దాదాపు ఇరవై నిమిషాలకి, అంటే రెండు టేకులకి ఒకసారి. కదిలే షాట్ మధ్యలో మార్పిడి పెట్టి ఆపరేటర్ని నమ్ముకునే సాహసం హిచ్‌కాక్ చేయలేదు. అంటే నాటకాన్ని తెగకుండా తీయాలన్న ఆ పట్టుదల లోపలే ప్రొజెక్షన్ గది కూర్చుని ఉంది. పరిచయం చేసేవాళ్లు ఇది చెప్తే ఆ రాత్రి జనం కథతో పాటు మూలన చుక్క కోసం కూడా చూస్తారు. ఆపరేటర్ మీద ఒత్తిడే, కానీ మంచి ఒత్తిడి.

శబ్దం గురించి ఒక్క మాట. పాత మోనో సినిమాలని స్టీరియో డీకోడింగ్‌లో వేస్తే ట్రాక్ మీది దుమ్ము చిటపటలు పక్క స్పీకర్లలోకి పాకుతాయి. ప్రాసెసర్ని మోనోకి మార్చి మధ్య స్పీకర్ ఒక్కటే వాడండి. ఫేడర్ (శబ్ద స్థాయి నాబ్) 7 మీద పెట్టడం ప్రమాణం గానీ ఆజ్ఞ కాదు. ఖాళీ హాల్లో సరిపోయిన మాట నిండిన హాల్లో సన్నబడుతుంది, మనుషులు శబ్దం తాగేస్తారు. ఆట మొదలైన అయిదు నిమిషాలకి ఒకరు చివరి వరసలో నిలబడి విని క్యాబిన్‌కి చెప్పాలి. ఒలివియర్ దగ్గు ఆ వరసకి చేరితే స్థాయి సరిపోయినట్టే.

పరిచయం మూడు నిమిషాలు, అయిదు దాటకూడదు. నాటకం కథ చెప్పొద్దు. కెమెరా ఏ సీట్లో ఉందో ఒక ఉదాహరణతో చెప్పి దిగిపోవాలి. 'డ్రైవ్ మై కార్' రోజు తలుపు దగ్గర ఉండేవాళ్లకి ముందే చెప్పండి, టైటిల్స్ పడేది దాదాపు నలభై నిమిషాలకి. ఆలస్యంగా వచ్చి "ఇంకా టైటిల్సే కదా" అనుకునేవాళ్లని చీకట్లో సీట్ల దగ్గరికి నడిపించడానికి చిన్న టార్చీతో ఒక మనిషి కావాలి. నోట్స్ కాగితం రెండు వైపులా మించకుండా, వచ్చేటప్పుడే చేతికివ్వండి. నాటక విభాగం విద్యార్థి ఒకరు, సినిమా విద్యార్థి ఒకరు చెరో పక్క రాస్తే బాగుంటుంది. ఇద్దరూ ఏకీభవించకపోతే ఇంకా బాగుంటుంది.

ఆట అయ్యాక ప్రింటు ఎలా వచ్చిందో అలాగే వెనక్కి వెళ్లాలి. రివైండ్ చేయొద్దని డబ్బా మీద ఉంటే చేయొద్దు. కొత్త గీత, కొత్త అతుకు ఏది పడినా రీలు నంబరు, అడుగు నంబరుతో కండిషన్ రిపోర్టులో రాయండి. వచ్చేటప్పుడే ఉన్న దెబ్బల్ని పరీక్షించిన రోజే రాసి పంపి ఉంటే, వాటిని మీ ఖాతాలో వేయరు.